టెంపరేచర్ ముల్లు కింద పడితే ఇంజన్ వేడి తగ్గినట్టు కాదు: మా పాత కారుతో రెండు నెలల నా అనుభవం

ఏప్రిల్ 13, ఆదివారం. సూర్యాపేటలో మా చెల్లెలి బాబుకి మొదటి పుట్టినరోజు. విజయవాడ పక్కన పోరంకిలో మా ఇల్లు. పొద్దున తొమ్మిదిన్నరకి బయలుదేరాం. వెనక నా భార్య, మా అమ్మాయి, ముందు సీట్లో నాన్న. కారు నాన్నదే. రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, 2009లో కొన్నారు. 800 సీసీ పెట్రోల్ ఇంజన్, మూడు సిలిండర్లు, అప్పటికి లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. పోయిన ఏడాదే పదిహేనేళ్లు నిండితే ఆర్‌సీ ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాం. అందుకే దాన్ని ఇప్పట్లో వదిలించుకునే ఆలోచన ఎవరికీ లేదు.

నందిగామ దాటాక ఏసీలోంచి వేడి గాలి రావడం మొదలైంది. బయట ఎండ మండిపోతోంది, పాత ఏసీ తట్టుకోలేకపోతోంది అనుకుని అద్దాలు దించాం. ఇంజన్ మరీ వేడెక్కితే చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ దానంతటదే ఆగిపోతుందట. అంటే ఆ వేడి గాలే మాకు వచ్చిన మొదటి కబురు. ఆ సంగతి నాకు జూన్‌లో తెలిసింది.

ఇంకో ఐదు నిమిషాలకి టెంపరేచర్ ముల్లు సగం దాటి ఎర్ర గీత వైపు వెళ్తోంది. "ఆపరా" అన్నారు నాన్న. చుట్టూ ఒక్క చెట్టు లేదు, కొట్టు లేదు. చిల్లకల్లు టోల్ గేటు మూడు కిలోమీటర్లే ఉంది. అక్కడ నీడ ఉంటుంది, నీళ్లు దొరుకుతాయి, వెనక పాప ఉంది అని వేగం తగ్గించి పోనిచ్చాను. ఒక కిలోమీటరు వెళ్లానో లేదో, ముల్లు టక్కున కింద పడింది. "తగ్గింది నాన్నా" అన్నాను. గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. ఆ ధైర్యంతో కొంచెం వేగం కూడా పెంచాను.

టోల్ గేటు దగ్గర పక్కకి తీసేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్ముతోంది. పాప భయపడి ఏడుపు మొదలుపెట్టింది.

ముల్లు ఎందుకు పడిందో కొత్తగా పాత కారు నడుపుతున్న ప్రతివాళ్లకీ చెప్పాలని ఉంది. వేడిని చూసే సెన్సర్, ఇంజన్‌ని చల్లబరచడానికి లోపల తిరిగే నీళ్లలో మునిగి ఉంటేనే సరిగా చెబుతుంది. నీళ్లు మరిగి బయటికి పోయాక దానికి తగిలేది ఆవిరి, గాలి. అప్పుడు అది తక్కువ చూపిస్తుంది. కాబట్టి ఎర్ర గీత దగ్గరున్న ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిందంటే ఇంజన్ చల్లబడినట్టు కాదు, లోపల నీళ్లు అయిపోయినట్టు. నేను ఆ చివరి రెండు కిలోమీటర్లు ఖాళీ ఇంజన్‌తో నడిపాను. ఆ తర్వాత రెండు నెలలు పడ్డ తిప్పలన్నిటికీ మూలం అక్కడే ఉంది.

నేను రేడియేటర్ (ఆ నీళ్లు చల్లబడే చోటు) మూత మీద గుడ్డ వేసి తిప్పబోతుంటే పక్కన ఆగిన లారీ డ్రైవర్ ఒకాయన పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు సార్, ఇదిగో చూడండి" అని తన ముంజేతి మీద పాత కాలిన మచ్చ చూపించాడు. పైనున్న రబ్బరు పైపుని చేత్తో గట్టిగా పట్టుకోగలిగితేనే మూత ముట్టుకోవాలన్నాడు. దానికి యాభై నిమిషాలు పట్టింది. మూత తీస్తే లోపల చుక్క నీరు కనపడలేదు. ఇంజన్ స్టార్ట్ చేయించి కొంచెం కొంచెంగా పోశాడు. ఒకేసారి చల్లటి నీళ్లు కుమ్మరిస్తే కాలిన ఇనుము పగులుతుందట. రెండున్నర లీటర్లు పట్టాయి. డబ్బులిస్తే తీసుకోలేదు.

అక్కడి నుంచి సూర్యాపేట దాకా ఆయన చెప్పినట్టే 50 వేగంలో, అద్దాలన్నీ దించి, హీటర్ ఫుల్లుగా పెట్టుకుని వెళ్లాం. హీటర్ వేస్తే ఇంజన్ వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం హీటర్ వేసుకుని ప్రయాణం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. చేరేసరికి కేక్ కోసేశారు. నాన్న సరిగా భోజనం చేయలేదు, రెండుసార్లు లేచి వెళ్లి కారు చూసి వచ్చారు. రాత్రి పదికి, చల్లబడ్డాక తిరుగు ప్రయాణం. దారిలో రెండుచోట్ల ఆపి నీళ్లు పోశాం.

ఏప్రిల్ 15న ఇంటి దగ్గర మెకానిక్‌కి చూపించాను. రేడియేటర్ మూత రబ్బరు ఎండిపోయిందన్నాడు. నిజమే, వేలితో నొక్కితే పెళుసుగా విరిగింది. ఆ మూత లోపల ప్రెషర్ నిలపడం వల్లే నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరగకుండా ఇంకో పదిహేను ఇరవై డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. మూత 180, లీటరు కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరచడానికి మామూలు నీళ్ల బదులు పోసే ద్రవం) 320, కూలి 200. మొత్తం 700 రూపాయలు. ఇంత చిన్నదానికా అంత టెన్షన్ పడ్డాం అనుకున్నాను.

తొమ్మిది రోజులు బాగానే ఉంది. ఏప్రిల్ 24 సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ముల్లు మళ్లీ లేచింది. బండి కదిలితే దిగుతోంది, ఆగితే ఎక్కుతోంది. దిగి చూస్తే రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదు. అదే మెకానిక్ ఫ్యాన్ మోటార్ పోయిందని కొత్తది వేశాడు, 1,850. అయినా దానంతటది తిరగలేదు. అప్పుడు ఇంకో వైరు లాగి "డైరెక్ట్ చేసేశాను సార్, తాళం తిప్పితే చాలు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, ఇక ఏ గొడవా లేదు" అన్నాడు. వైరింగ్‌కి 300. తాళం తిప్పగానే బుర్రుమని ఫ్యాన్ శబ్దం వస్తుంటే నాకు ధైర్యంగానే అనిపించింది. ఫ్యాన్‌ని ఎప్పుడు తిప్పాలో చెప్పే స్విచ్ ఒకటి ఉంటుందని, పోయింది అదేనని, దాని ఖరీదు 450 రూపాయలేనని అప్పటికి నాకు తెలియదు.

మే 4న ఉయ్యూరు వెళ్లి వస్తుంటే కంకిపాడు దగ్గర మూడోసారి. ఈసారి ట్రాఫిక్ లేదు, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, బండి 70లో పోతోంది. అయినా ముల్లు ఎక్కింది. వెంటనే పక్కకి తీసి ఇంజన్ ఆపేశాను. నా భార్య ఫోన్‌లో టైమ్ చూసి, "మొన్న ఆగితే ఎక్కింది, ఇప్పుడు పోతుంటే ఎక్కింది. రెండూ ఒకటి కాదేమో" అంది. ఆ మాటని నేను పట్టించుకోలేదు. ఆ తర్వాత ఎంతమంది మెకానిక్‌లని కలిసినా, ఆటోనగర్ వెళ్లేదాకా ఆ ప్రశ్న వేసినవాళ్లు లేరు. ఇప్పుడు తలుచుకుంటే అసలు రోగం పట్టుకునే దారి ఆ రోజు రోడ్డు పక్కన మా ఆవిడ చెప్పిన మాటలోనే ఉంది. ఆగినప్పుడు వేడెక్కితే ముందు గాలి సంగతి చూడాలి, అంటే ఫ్యాన్. వేగంలో గాలి దానంతటదే తగులుతుంది కాబట్టి అప్పుడు కూడా వేడెక్కితే నీళ్ల సంగతి చూడాలి, అవి సరిపడా ఉన్నాయా, సరిగా తిరుగుతున్నాయా అని.

మే 6న ఇంకొంచెం పెద్ద షెడ్డుకి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు అనుమానంతో థర్మోస్టాట్ వాల్వ్ ఉండే డబ్బా విప్పాడు. ఇంజన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి వదలకుండా ఆపేది ఆ వాల్వే. లోపల ఏమీ లేదు. వాల్వ్ ఉండాల్సిన చోట ఖాళీ. "ఎవరో తీసేశారు సార్." నాన్నకి ఫోన్ చేస్తే కాసేపు ఆలోచించి గుర్తు చేసుకున్నారు. 2019 ఎండాకాలంలో ఒకసారి వేడెక్కితే ఎవరో మెకానిక్ "మన ఎండలకి ఇది అక్కర్లేదు పెద్దాయనా" అని పీకేశాడట. ఆ రోజు నుంచి ముల్లు ఎప్పుడూ కిందే ఉండేదట. "చల్లగా ఉంది కదా అని సంతోషించాను" అన్నారు.

తర్వాత రేడియేటర్ విప్పారు. పైపు ఊడదీయగానే కాఫీ రంగులో బురద కారింది. లోపల గొట్టాల మొహాల మీద తెల్లటి పెచ్చు. మా ఇంట్లో గీజర్ కాయిల్ మీద పట్టే పెచ్చే అది. మాది బోరు నీళ్లు. ఇన్నేళ్లూ కూలెంట్ బదులు ఆ నీళ్లే పోశాం. పై ప్లాస్టిక్ ట్యాంక్ అంచున వెంట్రుకంత పగులు కూడా దొరికింది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కారదు, ప్రెషర్ పెరిగితేనే సన్నగా చెమర్చినట్టు వస్తుంది, ఆ వేడికి అక్కడికక్కడే ఆరిపోతుంది. అందుకే కింద ఎప్పుడూ తడి కనపడలేదు.

పాత ఇత్తడి రేడియేటర్లయితే విప్పి రాడింగ్ చేసేవాళ్లు, అంటే గొట్టాల్లో కడ్డీలు దూర్చి శుభ్రం చేసేవాళ్లు. ఇది అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకులు. పెట్టిన ఖర్చుకి న్యాయం జరగదు, కొత్తదే వేయండి అన్నారు. ఆ సలహా సరైనదే. స్పేర్ రావడానికి మూడు రోజులు పట్టింది. మే 10 సాయంత్రం కారు చేతికి వచ్చింది. రేడియేటర్ 3,300, రబ్బరు పైపులు 650, రెండు లీటర్ల కూలెంట్ 640, కూలి 900. మొత్తం 5,490. వాల్వ్ మాత్రం వేయలేదు. "లేకపోతేనే మంచిది సార్" అన్నాడు ఆ కుర్రాడు కూడా.

ఇక్కడితో అయిపోయిందనే నమ్మాను. మే చివర్లో వానలు కూడా ముందే వచ్చాయి. వాతావరణం చల్లబడింది, ముల్లు లేవలేదు. కానీ కూలెంట్ డబ్బాలో మట్టం మాత్రం మూడు రోజులకోసారి తగ్గుతోంది. పావు లీటరు పోస్తే మళ్లీ మూడు రోజులకి అంతే. రాత్రి కారు కింద అట్టపెట్టె విప్పి పరిచాను. పొద్దున చూస్తే పొడిగా ఉంది. మూడు రాత్రులు అలాగే పరిచాను, ఒక్క మరక లేదు. బయటికి కారడం లేదంటే నీళ్లు ఎక్కడికి పోతున్నట్టు?

ఆ వారంలోనే నాన్నతో గొడవపడ్డాను. డిక్కీలో ఎప్పుడూ ఉండే ఐదు లీటర్ల నీళ్ల క్యాను చూసి, "ఇది ఎందుకు పెట్టుకుంటారు మీరు?" అని అడిగాను. "నెలకోసారి ఒక లీటరు పోసేవాణ్ణి. పాత బండి కదా, తాగుతుంది" అన్నారు. ఎన్నేళ్లుగా అంటే నాలుగేళ్లుగా. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదా అని గట్టిగానే అన్నాను. ఆయన ఏమీ అనలేదు. పేపర్ తీసుకుని వరండాలోకి వెళ్లిపోయారు. ఆ రోజు టోల్ గేటు దాకా పోనిచ్చింది నేను, ఆపమన్నది ఆయన. అది గుర్తొచ్చి రాత్రంతా నిద్ర పట్టలేదు.

మే 29 పొద్దున స్టార్ట్ చేస్తే బండి గడగడా వణికింది. ఒక సిలిండర్ కొట్టడం లేదని తెలుస్తోంది. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, కొంచెం తియ్యటి వాసన. రెండు నిమిషాలకి సర్దుకుంది. చలికాలం పొద్దున్నే కాసేపు తెల్లపొగ వస్తే అది మామూలే. మే నెలలో వస్తే మామూలు కాదు. ఇక నడపకూడదని నిశ్చయించుకుని టోయింగ్ బండి పిలిచి ఆటోనగర్ పంపాను. 1,800.

ఆటోనగర్‌లో మొదట కలిసిన ఒకరు శబ్దం విని, "ఇంజన్ దించాలి, బోర్ కొట్టాలి, 45 వేలు అవుతుంది" అన్నారు. బోర్ కొట్టడమంటే సిలిండర్ల లోపలి గోడల్ని మళ్లీ చెక్కడం. ఏదీ విప్పలేదు, ఏదీ కొలవలేదు. ఇంకొకరు రేడియేటర్‌లో పోసే ఒక సీసా చూపించి, 350 పెట్టి ఇది పోస్తే లీకులన్నీ మూసుకుపోతాయన్నారు. నిజం చెప్పాలంటే ఆ సీసా కొనేసి ఉండేవాణ్ణి. 45 వేలు విన్న తర్వాత 350 ఎంత తియ్యగా వినిపిస్తుందో ఆ పరిస్థితిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. నాన్నే ఆపారు. ఆ గొడవ తర్వాత మా ఇద్దరికీ పెద్దగా మాటల్లేవు, అయినా ఆ రోజు నా వెంట వచ్చారు. "రోగమేంటో తెలియకుండా మందెందుకురా" అన్నారు.

మూడో షెడ్డు రెండో వీధి చివర. అరవై దాటిన మేస్త్రి, అందరూ భాయ్ అని పిలుస్తున్నారు. బానెట్ ఎత్తకముందే మూడు ప్రశ్నలు అడిగారు. ఎప్పుడు వేడెక్కుతోంది, ఆగినప్పుడా పోతున్నప్పుడా? నీళ్లు ఎక్కడికి పోతున్నాయి, బయటికా లోపలికా? మొట్టమొదటిసారి వేడెక్కినప్పుడు ఎంత దూరం నడిపారు? మూడో ప్రశ్నకి జవాబు చెబుతుంటే నా గొంతు తగ్గింది. ముల్లు కింద పడిన సంగతి కూడా చెప్పాను. ఆయన తిట్టలేదు. "రాత్రికి బండి ఇక్కడే వదిలేయండి బాబూ. పొద్దున్నే చల్లటి ఇంజన్ చూడాలి. వేడి ఇంజన్ అబద్ధాలు చెబుతుంది" అన్నారు.

మే 30 ఉదయం ఏడున్నరకి నేనూ నాన్నా వెళ్లాం. ఇంజన్ రాత్రంతా చల్లబడి ఉంది. భాయ్ పై రబ్బరు పైపుని నొక్కి నా చేత కూడా నొక్కించారు. రాయిలా ఉంది. చల్లబడిన ఇంజన్‌లో ఆ పైపు మెత్తగా ఉండాలట. మూత తీస్తే బుస్సుమంది. మూత తీసే ఉంచి స్టార్ట్ చేస్తే రేడియేటర్ నోటి దగ్గర బుడగలు. మొదట్లో గాలి ఉంటే నాలుగు బుడగలు వచ్చి ఆగిపోవాలి. ఇవి ఆగలేదు, యాక్సిలరేటర్ ఇస్తే పెరిగాయి.

ఆ తర్వాత స్పార్క్ ప్లగ్గులు తీసి వరుసగా గుడ్డ మీద పెట్టారు. ఒకటోది, మూడోది గోధుమ రంగులో ఉన్నాయి. రెండోది మాత్రం కడిగి ఆరబెట్టినట్టు తెల్లగా మెరుస్తోంది. ఆ సిలిండర్‌లోకి నీళ్లు దిగి, ఆవిరై, దాన్ని రోజూ కడుగుతున్నాయి. నా మూడు రాత్రుల అట్టపెట్టె ప్రశ్నకి జవాబు ఆ చిన్న తెల్లటి పింగాణీ ముక్క చెప్పింది. సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెడితే ఒకటిలో 160 పీఎస్ఐ, రెండులో 125, మూడులో 158 వచ్చింది. చివరగా పక్క షెడ్డు నుంచి ఒక గాజు గొట్టం తెప్పించారు, అందులో నీలం రంగు ద్రవం. దాన్ని రేడియేటర్ నోటి మీద పెట్టి లోపలి గాలిని పీలిస్తే రంగు నీలం నుంచి ఆకుపచ్చకి, తర్వాత పసుపుకి తిరిగింది. సిలిండర్‌లో మండిన గ్యాస్ నీళ్లలోకి వస్తేనే అలా మారుతుంది. ఆయిల్ డిప్‌స్టిక్ కూడా తీసి చూశారు. మజ్జిగలా మారలేదు. "అదొక్కటి మంచి కబురు. నీళ్లు ఆయిల్‌లో కలవలేదు, కింద బేరింగులకి ఏమీ కాలేదు. బోర్ అక్కర్లేదు, హెడ్ దించితే చాలు" అన్నారు. హెడ్ అంటే సిలిండర్ల మీద మూతలా బిగించి ఉండే భాగం.

మొత్తం ముప్పావు గంట పట్టింది. ఏప్రిల్ 15న ఎవరైనా ఈ ముప్పావు గంట పెట్టి ఉంటే ఏమయ్యేదని అడిగాను. అప్పుడు ఆయన అన్న మాట నాకు బాగా నాటుకుంది. "మీకు రెండు రోగాలు బాబూ. రేడియేటర్ మూసుకుపోవడం, ట్యాంక్ పగలడం, ఫ్యాన్ స్విచ్, ఇవి వేడెక్కడానికి కారణం. హెడ్ గ్యాస్కెట్, అంటే హెడ్‌కీ కింది ఇంజన్‌కీ మధ్య ఉండే పొర, కాలడం వేడెక్కినందువల్ల వచ్చింది. మీరు మొదటిది బాగు చేయించారు. రెండోది ఆ రోజు నుంచి లోపలే ఉంది."

వాల్వ్ లేకపోవడం గురించి కూడా ఆయన చెప్పిన లెక్క వేరు. వాల్వ్ లేని ఇంజన్ మామూలు రోజుల్లో ఉండాల్సిన వేడికి రాదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. అంతకంటే ముఖ్యం, ముల్లు ఎప్పుడూ కిందే ఉండటంతో రేడియేటర్ ఏటేటా మూసుకుపోతున్న సంగతి ఎవరికీ కనపడలేదు. వాల్వ్ ఉండి ఉంటే రెండేళ్ల ముందే ముల్లు కొంచెం కొంచెంగా లేచి చెప్పేది.

నాన్న మెల్లగా ఆ నెలకో లీటరు సంగతి చెప్పారు. భాయ్ నవ్వి, "నీళ్లు తాగే బండి ఉండదు పెద్దాయనా. అడిగిందంటే ఎక్కడో వదులుతోందని లెక్క. మీరు పోసినందుకే ఇన్నాళ్లు బతికింది" అన్నారు. ఆ రెండో మాట నాన్న మొహంలో తెచ్చిన మార్పు నేను చూశాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆయనకి సారీ చెప్పాను. "ఎండలో పిల్లని పెట్టుకుని నువ్వు మాత్రం ఏం చేస్తావులే" అన్నారు.

జూన్ 2న హెడ్ దించారు. రమ్మని ఫోన్ చేస్తే వెళ్లాను. గ్యాస్కెట్ మీద రెండో సిలిండర్ పక్కన, నీళ్ల దారి వైపు, వేలి గోరంత మేర నల్లగా కాలిపోయి ఉంది. హెడ్ మీద ఇనుప స్కేలు నిలబెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) దూర్చారు. సందు 0.05 మిల్లీమీటర్లు దాటకూడదట. 0.15 రేకు సాఫీగా దూరింది. అల్యూమినియం హెడ్ అంత వంగింది. లేత్‌కి పంపి ఫేసింగ్ కొట్టించాలి, అంటే అడుగు సమంగా చెక్కించాలి, దానికన్నా ముందు పగుళ్లున్నాయేమో లీక్ టెస్ట్ చేయించాలి. పగిలి ఉంటే హెడ్ పనికిరాదు, పాత హెడ్ వెతకాలి, ఖర్చు రెట్టింపు.

ఆ టెస్ట్ రిజల్ట్ కోసం ఎదురుచూసిన వారం అన్నిటికంటే కష్టంగా గడిచింది. లేత్ షాపులో లారీ హెడ్లు వరుసలో ఉన్నాయి, మాది చిన్నది, వెనక పడింది. 4న ఇచ్చారు, 6 సాయంత్రానికి అన్నారు. 6న అవలేదు. 7 బక్రీద్, 8 ఆదివారం. జూన్ 9 సాయంత్రం ఆరింటికి ఫోన్ వచ్చింది. పగుళ్లు లేవు. మా ఆవిడ ఆ రాత్రి సేమియా పాయసం చేసింది. మీకు అతిగా అనిపించవచ్చు, కానీ ఆ వారం ఇంట్లో అందరం ఆ అల్యూమినియం ముక్క గురించే మాట్లాడుకున్నాం.

జూన్ 10న బిగించారు. నేను సెలవు పెట్టి దగ్గరుండి చూశాను. హెడ్ బోల్టులు బిగించేటప్పుడు భాయ్ ఒక గుడ్డలో చుట్టి దాచుకున్న టార్క్ రెంచ్ తీశారు. బోల్టు ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచి చూపే పానా అది. మధ్య బోల్టుల నుంచి మొదలుపెట్టి అంచుల వైపు, మూడు విడతల్లో. ఆ పని చేస్తున్నంతసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. ఎంత బలం ఉన్నా చేతి అంచనాతో బిగిస్తే కొత్త గ్యాస్కెట్ ఆరు నెలల్లో పోతుందట. మీరు హెడ్ పని చేయించేటట్టయితే ఆ రెంచ్ ఉందా అని ముందే అడగండి. ఇంకో సంగతి, టైమింగ్ బెల్ట్ ఎలాగూ ఊడుతుంది కాబట్టి అప్పుడే కొత్తది వేయించుకుంటే కూలి మిగులుతుంది.

కొత్త థర్మోస్టాట్ వాల్వ్ వేసే ముందు టీ కాచే గిన్నెలో వేడి నీళ్లు పెట్టి అందులో ముంచారు. దాని మీద 82 అని అచ్చు ఉంది. థర్మామీటర్ 82 దాటుతుండగా అది కన్ను తెరిచినట్టు విచ్చుకుంది. కొత్త వాల్వుల్లో కూడా పనిచేయనివి వస్తాయట, అందుకే వేసే ముందు చూసుకుంటారట. ఫ్యాన్‌కి డైరెక్ట్ వైరు పీకేసి కొత్త స్విచ్ వేశారు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోశారు. గాలి బయటికి పోవడానికి బండి ముందు భాగం జాకీతో ఎత్తి, హీటర్ వేసి, మూత తీసి పాతిక నిమిషాలు నడిపారు. ఫ్యాన్ దానంతటది రెండుసార్లు తిరిగి ఆగేదాకా మూత పెట్టలేదు. ఫ్యాన్ ఆగడం చూసి నేను సంతోషిస్తానని ఏప్రిల్‌లో అనుకోలేదు.

జూన్ 11, బుధవారం కారు ఇంటికి వచ్చింది. గ్యాస్కెట్ సెట్ 1,450. లీక్ టెస్ట్, ఫేసింగ్ కలిపి 1,400. హెడ్‌లోని వాల్వుల ల్యాపింగ్ (నూరి సరిచేయడం), సీళ్లు 1,300. థర్మోస్టాట్ 620, ఫ్యాన్ స్విచ్ 450. టైమింగ్ బెల్ట్, టెన్షనర్ 1,700. ఆయిల్, ఫిల్టర్ 1,480. కూలెంట్ 900. కూలి 6,000. మొత్తం 15,300. ముందు పెట్టినవీ టోయింగూ కలిపితే రెండు నెలల్లో 25,440 రూపాయలు. ఇందులో నిజంగా వృథా అయింది ఫ్యాన్ మోటారు, ఆ డైరెక్ట్ వైరింగు, రెండుసార్లు పోసి పారబోసిన కూలెంట్. పాత మోటారుకి భాయ్ బ్యాటరీ వైర్లు తగిలించి చూపించారు, చక్కగా తిరిగింది. దాన్ని డిక్కీలోనే దాచుకున్నాను. ఎక్కువ డబ్బు మాత్రం ఆ రెండు కిలోమీటర్లకే పోయింది.

భాయ్ చెప్పినట్టు కూలెంట్ డబ్బా మీద మార్కర్ పెన్నుతో మట్టం దగ్గర గీత గీశాను. మొదటి వెయ్యి కిలోమీటర్లు రోజూ పొద్దున చల్లటి ఇంజన్ మీదే చూడాలి. చేయి పెట్టి పై పైపు మెత్తగా ఉందో లేదో నొక్కాలి. ఈ పని నాన్న తీసుకున్నారు. పాలవాడు వెళ్లగానే బానెట్ ఎత్తి, చూసి, గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ మీద టిక్కు పెడతారు. మైలేజీ కూడా మారింది. లీటరుకి 14 వచ్చేది ఇప్పుడు 17 దాటుతోంది. 2019 నుంచి వాల్వ్ లేకుండా ఎంత పెట్రోల్ పోయిందో లెక్క వేయబోతే, వద్దులే అన్నారు నాన్న.

జూన్ 22న సూర్యాపేట మళ్లీ వెళ్లాం, అదే నలుగురం, ఏసీ వేసుకుని. నందిగామ దాటినప్పటి నుంచి కారులో ఎవరూ మాట్లాడలేదు. అందరి కళ్లూ ముల్లు మీదే. సగానికి కొంచెం కింద నిలబడింది, చిల్లకల్లు టోల్ గేటు దాటాక కూడా అక్కడే ఉంది. అప్పుడు నాన్న వెనక్కి తిరిగి పాపని "చాక్లెట్ తింటావా?" అని అడిగారు.

ఐదు లీటర్ల క్యాను ఇప్పటికీ డిక్కీలో ఉంది. అందులో బోరు నీళ్లు మాత్రం లేవు, కలిపి ఉంచిన కూలెంట్ ఉంది. ఇప్పటిదాకా మూత తీయాల్సిన అవసరం రాలేదు.